మీటరు మోత

(మన సంఘ సభ్యుల నెలవారీ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సంచికకు పనికివచ్చేటట్లు, ఇల్లు నడుపుకొనేవారికి అక్కరకు వచ్చే విషయము ఏదైనా తీసుకొని మాట్లాడవలసిందని కార్యదర్శిగారు మమ్ము కోరారు. సాహిత్యము గురించి చెప్పడానికి మనలో పండితులున్నారు. వేదాంతము చెప్పడానికి పెద్దలున్నారు. మేము ముప్పై అయిదేండ్లుగా ఈ బెంగుళూరులో ఇండ్లకు కరెంటు వైరింగు చేయించే పనిలో ఉన్నవారము. మా చేతికి తెలిసినవి తీగె, స్క్రూ, స్విచ్చి. అందుచేత మనవాళ్ళు తరచుగా మా దగ్గరకు తెచ్చే ఒక చిక్కును గురించే నాలుగు మాటలు మనవి చేస్తాము. అది మీటరు మోత.

మోతకు కూడా ఉపన్యాసమా అని కొందరు నవ్వుకోవచ్చును. నవ్వండి, తప్పు లేదు. కాని పిట్ట కొంచెము, కూత ఘనము అన్నట్లు, జానెడు పెట్టె చేసే ఆ చప్పుడు వల్ల నిద్రలు పోగొట్టుకొన్న ముసలివారిని చూచాము. ఇరుగుపొరుగులు మాటలు మానుకోవడము చూచాము. ఆ చప్పుడును పట్టించుకోక, ఇల్లు అంటుకొనేదాకా తెచ్చుకోబోయిన వారిని కూడా చూచాము. ఏ చప్పుడుకు ఊరుకోవచ్చునో, ఏ చప్పుడుకు పరుగెత్తవలెనో తెలుసుకొంటే చాలు. ఈ ప్రసంగములో అంతకు మించిన సారము లేదు.

ముందు మీటరు చరిత్ర కొంచెము చెప్పుకొందాము. ఈ కన్నడ దేశములో కరెంటు కథకు, మన తెలుగువారికి ఒక ముడి ఉన్నది. 1902లో కావేరి మీద శివనసముద్రము దగ్గర పుట్టించిన విద్యుత్తును దాదాపు తొంభై మైళ్ళ దూరము తీగెల మీద నడిపించి కోలారు బంగారు గనులకు ఇచ్చారు. ఆ గనులలో చెమటోడ్చినవారిలో మన చిత్తూరు సీమవారు, ఇంకా అనేక తావుల తెలుగువారు ఉన్నారు. బెంగుళూరు వీధులకు ఆ దీపాలు వచ్చింది 1905లో. అంటే రాజధాని కంటె ముందు గనికే కరెంటు వచ్చింది. ఆ గనులు 2001లో మూతపడ్డవి. అక్కడినుండి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడిన కుటుంబాలు మన సంఘములోనే ఉన్నవి.

కరెంటు అమ్మడము మొదలుపెట్టిన కొత్తలో దానిని కొలవడము ఎట్లాగో ఎవరికీ సరిగా తెలియదు. అమెరికాలో ఎడిసన్ గారు ఒక సీసాలో జింకు రేకులు పెట్టి, వాటిగుండా కొంత కరెంటు పోనిచ్చి, నెలకొకసారి ఆ రేకులను తూకము వేయించేవారు. రేకు బరువులో వచ్చిన మార్పును బట్టి బిల్లు. ఆ మీటరుకు మోత లేదు, కాని త్రాసు పట్టుకొని ఇల్లిల్లూ తిరుగవలసి వచ్చేది. తరువాత 1888లో షాలెన్‌బర్గర్ అనే ఇంజనీరు ఒక ఆర్కు దీపమును పరీక్షిస్తుండగా, అందులోనుండి ఊడిపడిన చిన్న స్ప్రింగు తనంతట తాను మెల్లగా తిరగడము గమనించాడట. ఆ తిరుగుడును పట్టుకొని ఒక మీటరు కట్టాడు. మరుసటి ఏడు హంగరీ దేశములో బ్లాతీ అనే ఆయన తన మీటరును తయారు చేశాడు. మన ఇండ్లలో అద్దము వెనుక గుండ్రటి అల్యూమినియము బిళ్ళ తిరిగే మీటరు ఉండేది చూడండి, అది వీటి వంశములోనిదే.

ఆ పాత మీటరు లోపల రెండు తీగెచుట్టలు ఉంటాయి. ఒకదానిగుండా మనము వాడుకొనే కరెంటు పోతుంది. రెండవది మనము దీపము వేసినా వేయకపోయినా ఇరవైనాలుగు గంటలూ లైనుకు తగిలించే ఉంటుంది. ఈ చుట్టలు ఇనుప రేకుల బొత్తి మీద చుట్టి ఉంటాయి. మన దేశములో కరెంటు క్షణానికి యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కొక్క ఊపులో ఇనుమును రెండుసార్లు లాగి వదలుతుంది. కనుక ఆ రేకులు క్షణానికి నూరుసార్లు వణుకుతాయి. ఆ వణుకే మనకు "గుయ్" మని వినిపించే నాదము.

సంగీతము తెలిసినవారికి ఒక వేడుక చెప్తాము. హార్మోనియము మీద ఒకటవ శ్రుతి పెట్టుకొంటే, దాని మంద్ర పంచమము ఇంచుమించు ఈ నూరు కంపనాలకే సరిపోతుంది. అర్ధరాత్రి గోడలోనుండి ఎవరో తంబురా మీటుతున్నట్లున్నదని మాతో ఒక భాగవతారుగారు అంటే, మేము నవ్వలేదు. ఆయన చెవి సరిగ్గానే పట్టుకొన్నది.

ఇక ఈ నాదము కొన్ని ఇండ్లలో వినపడదు, కొన్ని ఇండ్లలో నిద్ర పట్టనీయదు. ఎందుకు? వీణకు తీగె ఎంత ముఖ్యమో కుండ అంత ముఖ్యము గదా! మీటరు ఒంటరిగా చేసే చప్పుడు చాలా స్వల్పము. దానిని పలుచని చెక్కబోర్డు మీద బిగించి, ఆ బోర్డును బోలుగా ఉన్న గోడకు తగిలిస్తే ఆ చెక్కే వీణకుండ అవుతుంది. గోడలో కొట్టిన కొయ్యమేకు పుచ్చిపోయి బోర్డు వదులైతే మోత ఇంకా పెరుగుతుంది. రాత్రివేళ ఊరు మాటు మణుగుతుంది, ఇతర చప్పుళ్ళు ఉండవు. దానికి తోడు ఊళ్ళో వాడకము తగ్గి వోల్టేజి కొంచెము పెరుగుతుంది, కనుక ఇనుము వణుకు కూడా పెరుగుతుంది. పగలు వినిపించని మీటరు రాత్రి వినిపించడానికి కారణము ఇదే. దయ్యము కాదు, దొంగ కాదు.

ఇప్పుడు చాలా ఇండ్లలో బిళ్ళ మీటర్లు పోయి ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చినవి. వీటిలో తిరిగే బిళ్ళ లేదు, ఎర్రదీపము ఒకటి మిణుకు మిణుకుమంటుంది. 2021లో కేంద్ర ప్రభుత్వము మంజూరు చేసిన పథకము క్రింద అనేక రాష్ట్రాలలో స్మార్టు మీటర్లు బిగించే పని సాగింది. వీటిలో కరెంటును ఆపడానికీ, ఇవ్వడానికీ ఒక రిలే ఉంటుంది. అది పడినప్పుడు, లేచినప్పుడు "టక్" మని ఒక్క చప్పుడు వస్తుంది. దానికి కంగారు పడనక్కరలేదు.

చప్పుళ్ళను నాలుగు జాతులుగా గుర్తు పెట్టుకొంటే చాలును.

మొదటిది "గుయ్" మనే నిలుకడ నాదము. ఇది ఇనుప రేకుల వణుకు, లేదా బోర్డు వణుకు. చెవికి బాధే గాని ఇంటికి ప్రమాదము లేదు. తీరికగా ఫిర్యాదు చేయవచ్చును.

రెండవది "గరగర", "కటకట". బిళ్ళ మీటరులో బిళ్ళను మోసే చిన్న బేరింగు అరిగినప్పుడు వస్తుంది. వాడకము ఎక్కువైనకొద్దీ బిళ్ళ వేగము పెరిగి, చప్పుడు కూడా త్వరత్వరగా వస్తుంది. ఈ మీటరు మార్పించదగినది.

మూడవది అప్పుడప్పుడు వచ్చే "టక్", "టిక్". అంకెల చక్రము దొర్లినప్పుడో, రిలే కదిలినప్పుడో వచ్చేది. ఇది మీటరు సహజ గుణము. కాని నిమిషానికి పది సార్లు టకటకలాడుతూ, దానితో పాటు ఇంట్లో దీపాలు ఆరి వెలుగుతుంటే అది సహజము కాదు. వెంటనే చెప్పవలెను.

నాలుగవది "చిటపట", "సుయ్". పోపులో ఆవాలు వేగినట్లు, తడికట్టె పొయ్యిలో పెట్టినట్లు ఉంటుంది. దీనితో పాటు కాలిన వాసన, దీపాలు మిణకడము, మీటరు క్రింద గోడ నల్లబడడము కనిపించవచ్చును. ఇది మీటరు చప్పుడు కాదు, నిప్పు చప్పుడు. తీగెను పట్టుకొన్న స్క్రూ వదులై, సందులో రవ్వ ఎగురుతున్నదన్నమాట. ఇది ఒక్క పూట కూడా ఓపిక పట్టదగిన విషయము కాదు.

మొదటి జాతి చప్పుడు ఎంత రభస చేయగలదో ఒక ఉదాహరణ చెప్తాము. ఈ ఊళ్ళో పాత వఠారములు మీకు తెలుసు. ఎనిమిది ఇండ్లు, ఒక బావి, ఒక మెట్లవరస, మెట్ల క్రింద వరుసగా ఎనిమిది మీటర్లు. అట్లాటి ఒక వఠారములో అనంతపురము వైపునుండి వచ్చిన మన కుటుంబము ఒకటి ఉండేది. మీటర్ల గోడకు అవతలి వైపునే ఆ ఇంటి అవ్వగారి మంచము. "ఎవరో మన కరెంటు లాగుతున్నారు నాయనా, రాత్రంతా మీటరు మొత్తుకుంటూంది" అని అవ్వగారు పట్టు పట్టింది. ఆ నెల బిల్లు కూడా కొంచెము ఎక్కువే వచ్చింది. కొడుకు అనుమానము పక్కింటి కన్నడమువారి మీదికి పోయింది. అంతవరకు అవరెకాయ కాలములో గిన్నెలు ఇచ్చి పుచ్చుకొన్న రెండు ఇండ్లు రెండు నెలలు ముఖాలు చూచుకోలేదు.

మేము పోయి రెండు పరీక్షలు చేశాము. మొదట ఆ ఇంటి మెయిను స్విచ్చి ఆపించాము. బిళ్ళ ఆగింది, నాదము మాత్రము ఆగలేదు. మీటరుకు, మెయినుకు నడుమ ఎవరైనా తీగె తగిలించి ఉంటే బిళ్ళ తిరుగుతూనే ఉండవలెను. తరువాత మెయిను వేసి, ఇంట్లో దీపాలు, ఫ్యాను, ఫ్రిజ్జు అన్నీ ఆపించి ప్లగ్గులు తీయించాము. అప్పుడు కూడా బిళ్ళ కదలలేదు. అంటే మెయిను దాటిన తరువాత కూడా దొంగతనము లేదు, తీగెలలో లీకు లేదు. "అమ్మా, నీ కరెంటు ఎవరూ ఎత్తుకొని పోలేదు. గోడలో కొయ్యమేకు పుచ్చి బోర్డు వణుకుతున్నది, అంతే" అని చెప్పాము. ఫిర్యాదు ఇప్పిస్తే లైనుమాను వచ్చి బోర్డు గట్టిగా బిగించి, పాత మీటరు తీసి కొత్తది పెట్టి వెళ్ళాడు. అవ్వగారికి నిద్ర పట్టింది. ఆ ఏడు యుగాదికి పక్కింటినుండి వేపపువ్వు, బెల్లము వచ్చినవి. మన ఇంటినుండి బొబ్బట్లు పోయినవి. ఆ నెల బిల్లు పెరగడానికి అసలు కారణము ఊరినుండి వచ్చి నెల్లాళ్ళు ఉన్న చుట్టాలు, వారికోసము రోజూ కాగిన వేన్నీళ్ళు.

దీనినుండి గ్రహించవలసినది ఒకటి ఉన్నది. మోతకూ, బిల్లుకూ సంబంధము లేదు. మోగే మీటరు వేగముగా తిరుగుతుందన్నది వట్టి భ్రమ. బేరింగు అరిగి గరగరలాడే మీటరు నిజానికి నెమ్మదిగా తిరిగే అవకాశమే ఎక్కువ. లైనుకు ఎప్పుడూ తగిలి ఉండే ఆ చుట్ట తినే కరెంటు ఒకటి రెండు వాట్లు మాత్రమే. అది కూడా సాధారణముగా మన లెక్కలో పడదు.

మీటరు లెక్క సరిగా ఉన్నదో లేదో ఇంట్లోనే స్థూలముగా చూచుకోవచ్చును. మీటరు ముఖము మీద యూనిట్టుకు ఎన్ని చుట్లో, ఎన్ని మిణుకులో వ్రాసి ఉంటుంది. 600 చుట్లు అని ఉంటే, మిగతావన్నీ ఆపి 100 వాట్ల పాతరకపు బల్బు ఒక్కటి వేస్తే బిళ్ళ నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు తిరగవలెను. ఎలక్ట్రానిక్ మీటరు మీద 3200 అని ఉంటే, అదే బల్బుకు సుమారు పదకొండు సెకన్లకొకసారి ఎర్రదీపము మిణకవలెను. కొంచెము తేడా బల్బుది, వోల్టేజిది కావచ్చును. సగానికి సగము తేడా ఉంటే మాత్రము మీటరు పరీక్షించవలసిందని వ్రాసి ఇవ్వండి.

ఇక నాలుగవ జాతి చప్పుడు. ఒక మేడమీద అద్దెకున్న మన తెలుగు కుటుంబము విషయము ఇది. రోజూ తెల్లవారి ఆరు, ఏడు గంటల మధ్య మాత్రమే మీటరు దగ్గర చిటపటలు వినిపించేవి. పగలు లేవు, రాత్రి లేవు. ఇల్లు గలాయనతో చెప్తే, పాత మీటర్లన్నీ అంతే అన్నాడు. ఆ ఇంటి యజమానుడు, అదే మనవాడు, వెనుకాడాడు. "పరాయి ఊరు, అద్దె ఇల్లు. ఫిర్యాదు చేస్తే ఖాళీ చేయమంటాడేమో. మనకెందుకు గొడవ" అన్నాడు. ఇంటి ఇల్లాలు మాత్రము ఊరుకోలేదు. ఆ గంటలో ఏమి నడుస్తున్నదని తానే ఆలోచించింది. గీజరు! అది వేసినప్పుడే చిటపట, ఆపితే మౌనము. ఒకనాడు రబ్బరు కాలినట్లు వాసన కూడా వచ్చింది. ఆమె గీజరు ఆపి, మెయిను ఆపి, మాకు ఫోను చేసింది. మీటరు ముట్టవద్దని చెప్పి, కరెంటు ఆఫీసుకు ఫోను చేయించాము. వారు వచ్చి మూత తీస్తే టెర్మినల్ స్క్రూ వదులు, అందులోని తీగె తొడుగు వ్రేలెడు పొడుగున బొగ్గు అయివున్నది. కాలిన ముక్క కోసి, కొత్త కొన బిగించడానికి పది నిమిషములు పట్టింది.

ఎందుకట్లా అయింది? 3000 వాట్ల గీజరు దగ్గర దగ్గర 13 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వదులైన స్క్రూ దగ్గర అడ్డు ఓములో అయిదవ వంతు ఉన్నదనుకొందాము. అంత కరెంటు ఆ సందులో దూరితే 34 వాట్ల వేడి పుడుతుంది. రేడియో బాగుచేసేవారు తగరము కరిగించే కర్ర 25 వాట్లది. అంతకంటె ఎక్కువ వేడి, గోరంత చోట, రోజూ ఒక గంట! పాత ఇండ్లలో అల్యూమినియము తీగెలుంటే ఇది ఇంకా త్వరగా వస్తుంది. వేడికి సాగి, చల్లబడి ముడుచుకొని, ఆ తీగె స్క్రూ క్రిందినుండి మెల్లగా జారిపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అని మనవాళ్ళు అన్నది ఇందుకే.

వఠారములలో మరొక ప్రమాదము. మూడు ఫేజులు పంచుకొన్న చోట, అందరికీ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్ తీగె వదులై తెగితే, కొన్ని ఇండ్లలో వోల్టేజి 230 నుండి 400 దాకా పోవచ్చును. ఒక ఇంట్లో దీపము మరీ మందగించి, ప్రక్క ఇంట్లో కళ్ళు జిగేలుమనేంత వెలిగితే అది ఆ సూచన. అందరూ మెయిన్లు ఆపి వెంటనే ఫోను చేయవలెను. ఈ విషయములో మన ఇల్లు, వారి ఇల్లు అన్న భేదము లేదు.

కనుక చప్పుడు వినిపించగానే చేయవలసిన క్రమము ఇది. చప్పుడు చిటపట అయినా, వాసన వస్తున్నా పరీక్షలు వద్దు. చేతులు, కాళ్ళు పొడిగా ఉంటే మెయిను ఆపి ఫోను చేయండి. మెయినే కాలుతున్నట్లుంటే దానిని కూడా ముట్టకుండా పిల్లలను, పెద్దలను బయటకు పంపండి. మంట కనిపిస్తే నీళ్ళు పోయవద్దు.

చప్పుడు గుయ్యిమనేదైతే తీరికగా చూడండి. ముందు అది మీటరుదేనా అని తేల్చుకోవలెను. ట్యూబులైటు చోకు, ఫ్యాను రెగ్యులేటరు, ఇన్వర్టరు, ఇవన్నీ అదే శ్రుతిలో మోగుతాయి. వార్తాపత్రిక చుట్టి గొట్టము చేసి, డాక్టరు వలె చెవికి ఆనించి, మీటరుకు జానెడు దూరములో నిలిచి వినండి. మెయిను ఆపినా మోగుతుంటే అది మీటరు, లేదా దానికి ముందున్నది. మెయిను ఆపగానే ఆగితే ఇంట్లోని వస్తువు ఏదో, లేక కరెంటు వాడకముతో వచ్చే చప్పుడు. అప్పుడు ఒక్కొక్క స్విచ్చి వేసి చూడండి. ఏ గంటలో, ఏది వేస్తే వస్తున్నదో కాగితము మీద వ్రాసుకోండి. మీ చేతిలోని ఫోనులో ఆ చప్పుడు రికార్డు చేసుకోండి. ఆఫీసువారు వచ్చేది పగలు, మోత రాత్రి. ఆ రికార్డు ఉంటే మీ మాటకు బలము.

చేయకూడనివి కూడా చెప్పవలెను. మూత విప్పకూడదు, సీలు ముట్టకూడదు. నూనె చుక్క వేస్తే తగ్గుతుందని చెప్పేవారి మాట వినకూడదు. అయస్కాంతము పెట్టకూడదు. కొత్త మీటర్లు దానిని కనిపెట్టి గుర్తు పెట్టుకొంటాయి కూడా. చప్పుడు వినపడకుండా గుడ్డ చుట్టడము, పరుపు అడ్డము పెట్టడము నిప్పును పిలవడమే. మీటరు సాధారణముగా కరెంటు సంస్థ సొత్తు, మనది కాదు. 2003 విద్యుత్ చట్టము 135వ సెక్షను ప్రకారము మోసపు ఉద్దేశముతో మీటరును తారుమారు చేయడము విద్యుత్ చౌర్యము. దానికి మూడేండ్ల వరకు జైలు ఉన్నది. మోత తగ్గించాలనే మంచి ఉద్దేశముతోనే సీలు విరిచినా, ఆ సంగతి రుజువు చేసుకొనే భారము మన నెత్తిన పడుతుంది.

మంచము గోడకు దూరముగా జరపవచ్చును, తల వైపు మార్చవచ్చును. మన గదిలో ఆ గోడకు బట్టల బీరువా పెట్టవచ్చును. మీటరును వేరే చోటికి మార్చమని అర్జీ పెట్టి, దానికయ్యే ఖర్చు కట్టవచ్చును. ఇవి మన చేతిలో ఉన్నవి.

ఫిర్యాదు చేసేటప్పుడు చాలా రాష్ట్రాలలో 1912 నంబరు పనిచేస్తుంది. బెంగుళూరులో బిల్లు మీద ఉండే ఆర్.ఆర్. నంబరో, అకౌంటు నంబరో చెప్పవలెను. మద్రాసు వైపు సర్వీసు నంబరు, మహారాష్ట్రలో గ్రాహక క్రమాంకము అంటారు. ఫిర్యాదు నంబరు తప్పక అడిగి వ్రాసుకోండి. మీటరు మార్చే రోజున పాత మీటరు చివరి అంకె, కొత్త మీటరు మొదటి అంకె, రెండింటి నంబర్లు, సీలు నంబర్లు కాగితము మీద ఎక్కించి ఒక నకలు తీసుకోండి, ఫోటో తీసుకోండి. రెండు నెలల తరువాత బిల్లులో పేచీ వస్తే ఆ కాగితమే మీ సాక్షి. ఎంత చెప్పినా వినిపించుకోకపోతే, అదే చట్టము 42వ సెక్షను క్రింద ప్రతి సరఫరా సంస్థ వినియోగదారుల ఫిర్యాదులు వినడానికి ఒక వేదిక పెట్టి తీరవలెను. అక్కడ న్యాయము జరుగకపోతే, పైన అంబుడ్స్‌మన్ ఉంటారు. అద్దెకున్నవారైనా సరే, ప్రాణాపాయము చెప్పుకోవడానికి ఇల్లు గలాయన సెలవు అక్కరలేదు.

మనవాళ్ళు వెనుకాడేది చట్టము తెలియక కాదు, భాష దగ్గర. మూడు తరాలుగా ఇక్కడున్నా, ఫోను ఎత్తి ఆఫీసువారితో మాట్లాడవలసి వస్తే ముసలివారికి నోరు రాదు. కనుక ఈ మాటలు పిల్లలచేత పెద్ద అక్షరాలతో వ్రాయించి మీటరు ప్రక్క గోడకు అంటించండి. కన్నడములో "మీటరు శబ్ద మాడ్తా ఇదె, సుట్ట వాసనె బర్తా ఇదె". మన సంచిక అందే తమిళనాడులోని బంధువులకు "మీటర్ సత్తం పోడుదు, ఉడనే వాంగ". సోలాపూరు, బొంబాయి వైపు ఉన్నవారికి "మీటర్ ఆవాజ్ కరతోయ్, జళకా వాస యేతోయ్". ఉచ్చారణలో తప్పులున్నా ఫరవాలేదు. కాలిన వాసనకు వ్యాకరణము అక్కరలేదు. ఆ ఆఫీసులో ఫోను ఎత్తేవాడు కూడా ఒక ఇంటి కొడుకే.

సోదరులారా! ఉగాది వస్తున్నది. ఇండ్లకు సున్నము వేస్తారు, బూజులు దులుపుతారు. సున్నము వేసేవారు మీటరు మీద కుంచె ఆడించకుండా, తడి చీపురు తగిలించకుండా చూడండి. తీగెలను లాగి మేకులకు తగిలించనీయకండి. మామిడాకుల తోరణము మీటరు తీగెలకు కట్టకండి. పండుగ నాడు పంచాంగము విప్పి ఈ ఏడు ఆదాయమెంత, వ్యయమెంత అని వింటాము. వ్యయము కొంతవరకు మెట్ల క్రింద పెట్టెలోనే వ్రాసి ఉన్నది. ఆ పెట్టె ఏమి చెప్తున్నదో నెలకొకసారి నిలబడి చూడండి, వినండి. ఒంటరిగా ఉన్న ముసలి దంపతులు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. ఈ పండుగకు వారింటికి పచ్చడి తీసుకొని పోయే పడుచువారు ఒక్క నిమిషము మెట్ల క్రింద కూడా తొంగి చూచి రావలెనని మా కోరిక. సాయము కావలసినవారు సంఘ కార్యాలయములో చెప్పి పంపితే మేము వస్తాము.

 కొత్త సంవత్సరము మీ ఇంట దీపము నిలుకడగా, మీ నిద్ర ప్రశాంతముగా ఉండుగాక. నమస్కారము.